శేషగిరిరావు గారు కాదన్న నీలి శిలువ

వేదిక మీద ఉన్న పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న హేమమాలిని ఆంటీకి, రెండు బస్సులు మారి స్వోర్డ్స్ నుంచి వచ్చిన నోరీన్ గారికి, ఆదివారం పూట పనులు మానుకుని ఈ ఆడమ్స్‌టౌన్ హాలుకు వచ్చిన అన్నలకు, అక్కలకు, అందరికీ నమస్కారం.

నా పేరు కమల. మీలో చాలామందికి నేను నితీష్ భార్యగా తెలుసు. దీపావళికి, సంక్రాంతికి కలిసినప్పుడు వంటల బల్ల వెనక నిలబడి పులిహోర వడ్డించే అమ్మాయిని. మైకు ముందు నిలబడటం ఇదే మొదలు. భయం కొంత ఉంది. కోపం ఎక్కువ ఉంది.

మా ఆయన నాకు ఒక కాగితం రాసిచ్చాడు. చదివితే రెండు నిమిషాలు పడుతుంది. మంచి కాగితమే. అందులో ఎవరినీ నొప్పించే మాట లేదు. దాన్ని మడిచి సంచిలో పెట్టేశాను. నితీష్, నన్ను క్షమించు. కూర్చోమని సైగ చేయకు. నేను నీ వైపు చూడను.

శేషగిరిరావు గారు పోయి పదమూడు నెలలయింది. పోయిన ఏడాది జనవరిలో, కరోనా బాగా ఉన్నప్పుడు పోయారు. అంత్యక్రియలకు పది మందినే రానిచ్చారు. ఆ పది మందిలో నేను లేను. ఆయనను తీసుకెళ్ళే కారు మా వీధిలో ఒక్క నిమిషం ఆగింది. మా పక్కిళ్ళ ఐరిష్ వాళ్ళు గేట్ల దగ్గరకు వచ్చి, టోపీలు తీసి, చలిలో నిలబడ్డారు. మనవాళ్ళు ఏం చేశారు? వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. అప్పుడు బయటికి రాకూడదు కదా అంటారు. నిజమే. రాకూడదు. మరి ఆయన బతికి ఉన్నప్పుడు, ఈ కరోనా లేనప్పుడు, ఎవరైనా వచ్చారా?

ఇందాకటి నుంచి వింటున్నాను. ఒకరు మహానుభావుడు అన్నారు. ఒకరు మన జాతి గర్వం అన్నారు. ఇంకొకరు ఐర్లండ్‌లో మన తెలుగు వెలుగు అన్నారు. బాగుంది. మరి 'ఇనపముక్కల రావు' అన్నది ఎవరు? 'డాక్టరమ్మ సంపాదిస్తే ఆయన పాత సామాన్లు ఏరుకుంటాడు' అన్నది ఎవరు? నేను వంటల బల్ల వెనక నిలబడి ఉండేదాన్ని. వడ్డించే వాళ్ళకు చెవులు ఉండవని అనుకుంటారు. ఉంటాయి.

ఆయన ఎవరో తెలియని కొత్త పిల్లలు కూడా ఇక్కడ ఉన్నారు, చదువుకోవడానికి వచ్చినవాళ్ళు. వాళ్ళ కోసం చెబుతాను. ఆయనది గుడివాడ దగ్గర. విజయవాడలో గడియారాలు బాగు చేసేవారు. హేమమాలిని ఆంటీకి ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే, ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట ఆమె వెంట వచ్చారు. భార్య వెంట వచ్చిన మొగుడు. నేను మొగుడి వెంట వచ్చిన భార్యను. వెంట వచ్చినవాళ్ళ బాధ ఒకటే, అది ఆయనకు తెలుసు. డబ్లిన్‌లో నది ఒడ్డున ఒక పాత వస్తువుల దుకాణంలో గడియారాలు బాగు చేసే పని దొరికింది. ఆ దుకాణానికి పతకాలు వచ్చేవి. ఎక్కువగా జర్మనీ సైన్యం పతకాలు.

జర్మనీ పతకాలు ఐర్లండ్‌కు ఎలా వచ్చాయని మొదట్లో నేనూ అడిగాను. వందేళ్ళ కిందటి పెద్ద యుద్ధంలో ఇక్కడి కుర్రాళ్ళు చాలామంది ఇంగ్లీషు వాళ్ళ సైన్యంలో చేరారు. వచ్చేటప్పుడు జర్మన్ల పతకాలు జేబుల్లో వేసుకుని తెచ్చారు. తిరిగి వచ్చేసరికి దేశం మారిపోయింది. ఇంగ్లీషు సైన్యంలో పనిచేశామని చెప్పుకునే రోజులు పోయాయి. అందుకని బిస్కెట్ డబ్బాల్లో పెట్టి అటక మీద దాచారు. మనవలు ఇప్పుడు ఆ డబ్బాలు తీస్తున్నారు. తీసి, ఇది అసలుదా, నకిలీదా, అరుదైనదా, మామూలుదా అని అడుగుతారు. ఆ నాలుగు మాటలకు జవాబు చెప్పడమే శేషగిరిరావు గారు జీవితమంతా చేసిన పని.

ఆయన దాన్ని ఎలా నేర్చుకున్నారో తెలుసా? 'మంచివి చూసి ఎవడైనా నేర్చుకుంటాడమ్మాయ్. నేను దొంగవాటిని కోసి నేర్చుకున్నాను' అనేవారు. నకిలీ అని తేలిన వాటిని ఎవరూ తీసుకెళ్ళరు. వాటిని ఇంటికి తెచ్చి, రంపంతో రెండుగా కోసి, లోపల ఏముందో చూసేవారు. ఆయన షెడ్డు నిండా కోసిన పతకాలే. మీరు నవ్విన ఇనపముక్కలు అవే.

ఇప్పుడు నా సంగతి. నేను కరీంనగర్ కంసాలి పిల్లను. మా నాన్న వెండి తీగతో పని చేస్తాడు. మా అమ్మ ఒళ్ళో ఉండగానే తీగ మెలివేయడం చూశాను. ఏడో తరగతి తర్వాత బడికి పోలేదు. ఇంట్లో కూర్చుని టంకం పెట్టాను. నితీష్ మా మేనత్త కొడుకు. లెపర్డ్స్‌టౌన్ ఆఫీసులో పెద్ద ఉద్యోగం. మా అత్త తన అన్నకు ఇచ్చిన మాట కోసం నన్ను చేసుకున్నాడు. రెండున్నరేళ్ళ కిందట ఇక్కడికి వచ్చాను. ఇంగ్లీషు రాదు. పక్కింటి హేమమాలిని ఆంటీ రోజూ పొద్దున పిలిచి నాలుగు ముక్కలు నేర్పేవారు. ఊరికే నేర్చుకోవడం నాకు నచ్చదు. అందుకని వాళ్ళింట్లో చేతనైన పని చేసేదాన్ని.

అలా ఒకరోజు, వచ్చిన రెండు నెలలకు, నేను ఒక తప్పు చేశాను. కంసాలి ఇంటి పిల్ల తప్ప ఇంకెవరూ చేయని తప్పు.

శేషగిరిరావు అంకుల్ బల్ల మీద ఒక ఇనుప శిలువ, జర్మన్ల పతకం, ఉంది. నోరీన్ గారి తాతగారు యుద్ధం నుంచి తెచ్చింది. ఆ యుద్ధం కంటే పాతది, నూట యాభై ఏళ్ళది. చుట్టూ ఉన్న వెండి నల్లగా మసిబారి ఉంది. నాకు జాలేసింది. మా నాన్న పెట్టెలో పెట్టి పంపిన కుంకుడుకాయలు ఉన్నాయి. వేడినీళ్ళలో నానేసి, రసం తీసి, మెత్తటి బ్రష్షుతో గంటసేపు తోమాను. మా ఇంట్లో వెండి మెరిసినట్టు మెరిసింది. అంకుల్ చూసి మెచ్చుకుంటారని బల్ల మీద ఎదురుగా పెట్టాను.

ఆయన వచ్చారు. చూశారు. కూర్చున్నారు. శిలువను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. తర్వాత, 'మీ నాన్న దగ్గర మెరిస్తే విలువమ్మాయ్. ఇక్కడ మెరిస్తే పోయినట్టే' అన్నారు.

ఆ నలుపు నూట యాభై ఏళ్ళ వయసు. దాన్ని నేను గంటలో కడిగేశాను. శిలువ అసలుదే. అరుదైనదే. కాని కొనేవాడు ఇక దాన్ని నమ్మడు. నేను నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆయన ఫోన్ తీసి నోరీన్ గారితో మాట్లాడారు. నాకు అప్పటికి వచ్చిన ఇంగ్లీషులోనే అర్థమైంది. పని అమ్మాయి పాడు చేసిందని చెప్పలేదు. పక్కింటి పిల్ల అనలేదు. 'నా బల్ల మీద పాడైంది, నేనే పాడు చేశాను' అన్నారు. తన దగ్గర ఉన్న ఒక మంచి శిలువను దాని బదులు తీసుకెళ్ళి ఇవ్వబోయారు. నోరీన్ గారు తీసుకోలేదు. మా తాత ఎప్పుడూ ఇంత శుభ్రంగా లేడు, గ్రాండ్, చాలా బాగుంది, ఇదే ఇవ్వండి అన్నారట.

నోరీన్ గారూ, మీకు నా తెలుగు అర్థం కాదు. ఆంటీ తర్వాత చెబుతారు. ఆ కుంకుడు రసం పోసి తోమింది నేను. ఆయన కాదు. రెండేళ్ళ తర్వాత ఒప్పుకుంటున్నాను.

ఆ మర్నాటి నుంచే అంకుల్ నాకు నేర్పడం మొదలుపెట్టారు. మీరైతే ఏం చేసేవాళ్ళు? బీరువాకు తాళం వేసేవాళ్ళు. ఆయన తలుపు తెరిచారు. ఇనుప శిలువ మూడు ముక్కలని చెప్పారు. నడుమ నల్లరంగు వేసిన ఇనుము, ముందూ వెనకా వెండి చట్రం. రెండు చట్రాలు కలిసే అంచున టంకం గీత ఉంటుంది. నకిలీ చేసేవాళ్ళు చాలామంది మొత్తం ఒకే పోతగా పోస్తారు, గీత ఉండదు. ఉంటే గోకి గీసి ఉంటుంది. 'అంచు చూడమ్మాయ్, ముఖం చూడకు. అబద్ధం చెప్పేవాడు ముఖాన్ని బాగా చేస్తాడు' అనేవారు. టంకం గీత నాకు ఒకరు నేర్పాలా? పదకొండేళ్ళ వయసు నుంచి నా చేత్తో పెట్టాను. నేను చూడగానే చెప్పేసేదాన్ని. ఆయన నవ్వేవారు. ఏడో తరగతితో ఆగిపోయిన నన్ను చూసి, ఈ దేశంలో సంతోషంతో నవ్విన మొదటి మనిషి ఆయన.

ఆయనకు ఇంకో మాట ఉంది. నిజమైనదంతా అరుదు కాదు, అరుదుగా కనపడేదంతా నిజం కాదు అని. మామూలు ఇనుప శిలువలు ఆ యుద్ధంలో యాభై లక్షలు ఇచ్చారు. అసలుదే అయినా అది అరుదు కాదు. చాలామందికి ఈ మాట నచ్చేది కాదు. తమ డబ్బాలో ఉన్నది లోకంలో ఒక్కటే అని చెప్పాలి. ఆయన చెప్పేవారు కాదు.

మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆంటీ రిటైరయి కూడా ఆసుపత్రికి మళ్ళీ వెళ్ళారు. అదే నెలలో అంకుల్‌కు కంటి శుక్లాల ఆపరేషన్ జరగాలి. రెండు కళ్ళకూ. అది ఆగిపోయింది. వాయిదా అన్నారు. మళ్ళీ వాయిదా అన్నారు. జూన్ వచ్చేసరికి ఆయనకు ఎదురుగా ఉన్న మనిషి ముఖం పొగలాగా కనపడేది.

అందరూ ఇళ్ళలో ఉన్నారు కదా, అటకలన్నీ దులిపారు. ఎప్పుడూ రానన్ని డబ్బాలు వచ్చాయి. గుమ్మం ముందు పెట్టి వెళ్ళిపోయేవారు. మూడు రోజులు వాటిని ప్రెస్‌లో, అదే ఇక్కడి అలమరలో, పెట్టి, ముట్టుకోకుండా ఉంచి, నాలుగో రోజు తీసేవారు. కళ్ళు లేని మనిషి ఏం చూస్తాడు? చూశాడు. ఎలా చూశాడో ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు. నేను చెబుతాను.

మా రెండిళ్ళకు వెనక తోట ఉంది. మధ్యలో చెక్క కంచె. ఒక ఇంటివాళ్ళు ఇంకో ఇంట్లోకి పోకూడదు. ఆయన అటు, నేను ఇటు. కంచె మీద ఒక పలక, పలక మీద స్టీలు పళ్ళెం. ఆయన పతకాన్ని పళ్ళెంలో పెట్టి వెనక్కి జరిగేవారు. నేను చేతులు కడుక్కుని తీసుకునేదాన్ని. భూతద్దంతో చూసి, అంచు ఎలా ఉంది, రంగు ఎలా ఉంది, రిబ్బన్ దారం నీలిలైటు కింద వెలుగుతుందా లేదా, అన్నీ చెప్పేదాన్ని. కొత్త దారం తెల్లగా వెలుగుతుంది, పాతది వెలగదు. మూడు కారణాలు చెప్పనిదే ఆయన ఒప్పుకునేవారు కాదు. తర్వాత తను తీసుకుని, గోటితో కొట్టి విని, వేళ్ళతో తడిమి, అప్పుడు తీర్పు చెప్పేవారు. ఒక్కోసారి నన్ను కాదనేవారు. ఆయన వేళ్ళే గెలిచేవి. నేను నోటుబుక్కులో తెలుగులో రాసేదాన్ని. ఆయన కింద సంతకం పెట్టేవారు. ఆ పుస్తకంలో 'అవును' తక్కువ. 'కాదు' ఎక్కువ. 'తెలియదు' అన్నిటికంటే ఎక్కువ. ముప్ఫై అయిదేళ్ళకు పైగా చేసిన పనిలో తెలియదు అని రాయించడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

పుస్తకంలో నా పేరు కూడా రాయమన్నారు. 'చూసినది కమల, ఒప్పుకున్నది శేషగిరిరావు' అని. నేను వద్దన్నాను. నవ్వుతారు అంకుల్, నితీష్‌కు తలవంపులు, ఎవరికీ చెప్పనని మాటివ్వండి అన్నాను. ఆయనకు ఇష్టం లేదు. అయినా మాటిచ్చారు.

ఇక డిసెంబరు సంగతి. క్రిస్మస్ ముందు శనివారం. డాక్టర్ కొండల్ రావు గారు వచ్చారు.

వేదిక మీద నడిమి కుర్చీలో ఉన్నారు, అందరికీ తెలిసినవారే, మన సంఘం అధ్యక్షులు. కరోనాలో ఆయన ఆసుపత్రిలో ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు. ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. ఆ మాట నేను కాదనను. ఎవరూ కాదనకూడదు. కాని ఒక మంచి పని చేసినవాడికి ఒక అబద్ధం ఊరికే ఇస్తారా? ఎక్కడైనా ఇస్తారా?

ఆయన జర్మనీలో ఒక నీలి శిలువ కొన్నారు. మెడలో వేసుకునేది. నీలం మీనా పని, అంటే గాజు కరిగించి పోసినది, నాలుగు రెక్కల మధ్య నాలుగు బంగారు గద్దలు. ఆ పెద్ద యుద్ధం మొత్తంలో వాటిని ఏడువందలు కూడా ఇవ్వలేదు. దొరికితే మహా అరుదు. ఆయన ముందు గుమ్మం దగ్గర నిలబడ్డారు, మాస్కుతో. అంకుల్ దాన్ని పళ్ళెంలో పెట్టుకుని, ఇల్లు దాటి, వెనక కంచె దగ్గరకు తెచ్చారు. చలికి నా వేళ్ళు కొంకర్లు పోయాయి. ఇరవై నిమిషాలు చూశాను. ముందు గుమ్మంలో ఉన్నవారికి నేను కనపడలేదు. ముసలాయన లోపల తడుముకుంటున్నాడని అనుకున్నారు.

ఏం చూశామో పుస్తకంలో ఉంది. చదువుతాను. 'డిసెంబరు 19. డాక్టర్ కొండల్ రావు గారి నీలి శిలువ. ఒకటి, గద్దల ఈకలు విడివిడిగా లేవు, మైనంలాగా కలిసిపోయినవి. పోత పోసినది. రెండు, నీలం గాజు కాదు, రంగు. వెనక అంచున సూది మొన దిగినది. మూడు, ముఖం అంతా అరిగినట్టు ఉన్నది, కాని మెడకు వేలాడే కడియం దగ్గర అరుగుదల లేదు. పాతదిగా కనపడడానికి రుద్దినది. తీర్పు, కాదు.' కింద సంతకం. వంకరగా ఉంది, కళ్ళు కనపడని మనిషి సంతకం కదా. కాని ఆయనదే.

అంకుల్ ముందుకు వెళ్ళి చెప్పిన మాట పక్క సందులోంచి విన్నాను. 'డాక్టరు గారూ, ఇది పతకం కాదండీ, పతకం బొమ్మ. మిమ్మల్ని ఎవరో మోసం చేశారు, వెనక్కిచ్చేయండి' అన్నారు. మెల్లగానే అన్నారు. దానికి వచ్చిన జవాబు కూడా విన్నాను. 'పెద్దాయనా, నీకు కండ్లు కనపడ్తలేవు. ముందు ఆపరేషన్ చేయించుకో, తర్వాత జడ్జిమెంట్లు చెప్దువు గాని.'

అన్నలారా, అక్కలారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆయన ఒక్క మాట అనవచ్చు. 'చూసింది నా కళ్ళు కాదు, కంసాలి పిల్ల కళ్ళు, పాతికేళ్ళ కళ్ళు' అనవచ్చు. అంటే అక్కడితో అయిపోయేది. అనలేదు. ఎందుకు అనలేదు? నాకు మాటిచ్చారు కాబట్టి. నేను నవ్వుతారని భయపడ్డాను కాబట్టి. నా సిగ్గు కోసం ఆయన తన పనినే పోగొట్టుకున్నారు. కంచె దగ్గరకు వచ్చాక ఎందుకు చెప్పలేదు అంకుల్ అని ఏడిస్తే, 'ఓ మాట పడినంత మాత్రాన ఒళ్ళేం కందిపోదులే అమ్మాయ్' అన్నారు.

ఆ వారంలోనే ఊరంతా పాకింది. ముసలాయనకు చూపు పోయింది, ఇక ఆయన మాట పట్టించుకోకండి అని. ఒక్కరన్నా అడిగారా, ఎందుకు అలా అంటున్నారని? క్రిస్మస్ తర్వాత ఆయనకు జ్వరం వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆంటీ అదే ఆసుపత్రిలో డాక్టరు, ఆంటీని కూడా లోపలికి వెళ్ళనివ్వలేదు. నర్సు ట్యాబ్ పట్టుకుంటే మాట్లాడాం. ఊపిరి ఆడటం లేదు. ఆయన నన్ను అడిగింది ఒకటే. 'ఆ నీలిది పుస్తకంలో రాశావా? నేను సంతకం పెట్టానా?' రాశాను అంకుల్, పెట్టారు అన్నాను. సరే అన్నట్టు తల ఊపారు. ఏడు రోజుల తర్వాత పోయారు.

ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న కరపత్రం తీయండి. రెండో పేజీ. నాకు తెలుగు చదవడం నెమ్మది, అయినా మూడుసార్లు చదివాను. 'చివరి దశలో చూపు మందగించినా, డాక్టర్ కొండల్ రావు గారి వద్ద ఉన్న అత్యంత అరుదైన నీలి శిలువను పరీక్షించి, అసలైనదని ధ్రువీకరించడం ఆయన జీవితంలో చివరి ఘనత.'

ఇది రాసింది ఎవరు? అచ్చు వేయించింది ఎవరు?

వచ్చే నెల ఆ శిలువ వేలానికి వెళ్తోంది. వెంట ఈ కరపత్రం వెళ్తుంది. సంతాప సభ కరపత్రం కదా, చచ్చిపోయిన మనిషి గురించి అబద్ధం ఎవరు రాస్తారు అని కొనేవాళ్ళు నమ్ముతారు. అందుకా ఈ సభ? పదమూడు నెలలు గుర్తుకు రాని మనిషి ఇప్పుడు గుర్తొచ్చింది అందుకా?

కొండల్ రావు గారూ, ఆయన కాదన్నప్పుడు కళ్ళు లేవన్నారు. ఇప్పుడు చూసి అవునన్నాడు అంటున్నారు. రెండిట్లో ఏది? కాదు అనడానికి పనికిరాని కళ్ళు అవును అనడానికి ఎలా పనికొచ్చాయి? ఆయన నకిలీలను కోసి లోపల చూశారు. మీరు ఆయన పేరునే నకిలీ చేశారు.

పోయిన వారం ఆంటీ, నేను ఈ పుస్తకం పట్టుకుని మీ ఇంటికి వచ్చాం. ఆ వాక్యం తీసేయండి అని అడిగాం. అంతే అడిగాం. మీరు ఏమన్నారు? 'అమ్మా, నువ్వు ఏడో తరగతి. నీ రాత చూపిచ్చి నా వస్తువు నకిలీ అంటే ఎవడు నమ్ముతడు? ఆయన పేరు నలుగుర్ల నిలబెడ్తున్న, సంతోషపడుండ్రి' అన్నారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఈ దేశంలో డాక్టరుగా బతికిన మనిషి, మీ సోఫాలో తల వంచుకుని కూర్చున్నారు. తిరిగి వచ్చేటప్పుడు కారులో నాతో ఒకే మాట అన్నారు. 'కమలా, నువ్వు మాట్లాడగలవా?'

అందుకే మాట్లాడుతున్నాను.

అవును, నేను ఏడో తరగతి. అవును, శేషగిరిరావు గారికి చూపు పోయింది. రెండూ నిజం. ఆ శిలువను చూసింది నేను. ముందు కాదు అన్నది నేను. వేళ్ళతో తడిమి, సూదితో గుచ్చి, నా మాట సరే అన్నది ఆయన. ఇది ఒక్క సంవత్సరం ముందు చెప్పి ఉంటే ఈ కరపత్రం పుట్టేది కాదు. చెప్పనందుకు నా మీద నాకు ఉన్న కోపం, కొండల్ రావు గారి మీద ఉన్న కోపం కంటే తక్కువేమీ కాదు. నవ్వుతారని భయపడ్డాను. ఇప్పుడు నవ్వండి. ఎవరికి నవ్వాలని ఉందో నవ్వండి. నేను ఇక్కడే నిలబడి ఉన్నాను.

నా రాతకు విలువ లేదంటే, రాతను వదిలేయండి. ఆ శిలువను తీసుకురండి. ఈ బల్ల మీద పెట్టండి. ఒక సూది ఇవ్వండి, ఒక భూతద్దం ఇవ్వండి. అందరి ముందు చూస్తాను. గద్దల ఈకలు విడిగా ఉంటే, నీలం గాజైతే, మీ కాళ్ళకు దండం పెట్టి క్షమాపణ అడుగుతాను. తెస్తారా?

తేకపోతే రేపు పొద్దున వేలం వాళ్ళకు ఉత్తరం వెళ్తుంది. ఈ పేజీ ఫోటోతో. నాకు ఇంగ్లీషు రాదు, నితీష్ రాస్తాడు. నితీష్ రాయకపోతే తెలుగులోనే రాసి పంపిస్తాను. చదివించుకునే బాధ వాళ్ళది. కింద నా పేరు రాస్తాను. చూసినది కమల. ఒప్పుకున్నది శేషగిరిరావు.

ఇంతకంటే నాకు మాట్లాడటం రాదు. ఆయన గురించి చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి, ఆయన టీలో ఎంత అల్లం వేసుకునేవారో, బాగు చేసిన గడియారాన్ని ఎలా చెవి దగ్గర పెట్టుకుని వినేవారో. అవి ఆంటీ ఇంటికి వెళ్ళి, కూర్చుని చెప్పుకోవాల్సినవి. ఇప్పుడైనా వెళ్ళండి. ఇప్పుడు ఇళ్ళకు వెళ్ళనిస్తున్నారు.

అందరూ లేవండి. పెద్దవాళ్ళు నిలబడలేకపోతే కూర్చునే ఉండండి, ఆయన ఏమీ అనుకోరు. ఫోన్లు ఆపండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడవద్దు. ఆయనను పొగడవద్దు, మనసులో కూడా. ఊరికే నిలబడదాం.

కొండల్ రావు గారూ, మీరు ఇంకా కూర్చునే ఉన్నారు. మీరు కూడా లేవండి. నేను మిమ్మల్ని బయటికి వెళ్ళమనడం లేదు. మీకు నచ్చదని తెలిసి కూడా మీ ముఖం మీద నిజం చెప్పిన మనిషి ఆయన. ఈ హాలులో అలాంటివాళ్ళు మీకు ఎంతమంది ఉన్నారు?

లేవండి.